సమస్యాపూరణం: “తన్ను విడనాడి తానయ్యెఁ దాను మరల”

పాదం తేటగీతి. తాను తప్ప తక్కిన కారకాలన్నీ కలిపితే మళ్ళీ తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య; ఆ లక్షణం పద్యంలో స్పష్టంగా పలకాలి. సంఖ్య ఎంత పెద్దదైతే అంత మెచ్చుకోలు.

మొదటి పూరణ:

ఒకటి రెండును నాలుగు నొక్క యేడు
పదియు నాలుగు కలుపంగ ఫలము గాఁగ
నిరువదెనిమిది వచ్చుట యెంత వింత!
తన్ను విడనాడి తానయ్యెఁ దాను మరల.

సమీక్ష: ధార బాగున్నది, యతులు సరిపోయినవి. అయితే అంకెలను విడివిడిగా లెక్కించుకుంటూ వచ్చిన పాఠకుడు “పదియు” అనగానే పదిని వేరుగా తీసుకుంటాడు. 28కి పది కారకం కాదు. రెండవ పాదాన్ని “దాని రెట్టింపుఁ గలుపంగఁ దాన తుదకు” అని మార్చితే ఏడుకు రెట్టింపైన 14 సందేహం లేకుండా వస్తుంది.

రెండవ పూరణ:

ఆర్యా, నేను 33550336ను తీసుకున్నాను. అంకెలకు బదులు వాటిని సూచించే మాటలు వాడాను: లోక, వహ్ని, రామ, గుణ అంటే మూడు, శర, బాణ అంటే అయిదు, గగనం సున్న, రసం ఆరు. మొదట లోక, వహ్ని, శర, బాణ, గగన, రామ, గుణ, రసములని ఎడమ నుంచి కూర్చి, “అంకానాం వామతో గతిః” (అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి) అన్న నియమం గుర్తుకు రాగానే తిరగవ్రాశాను.

రసము గుణములు పిమ్మట రామ గగన
బాణ శర లోక వహ్నులై పరఁగు సంఖ్య
మిగులు కారకముల నెల్ల మేళవింప
తన్ను విడనాడి తానయ్యెఁ దాను మరల.

సమీక్ష: తిరగవ్రాయడమే పద్యాన్ని నిలబెట్టింది. మొదటి కూర్పును నియమం ప్రకారం చదివితే 63305533 అవుతుంది. అది బేసి సంఖ్య, పైగా అది తప్ప తక్కిన దాని కారకాల మొత్తం దానికంటె తక్కువే కనుక న్యూన సంఖ్యల కోవలోకి పోతుంది. మీ సంఖ్య 4096ను 8191తో హెచ్చించగా వచ్చినది. 8191 ప్రధాన సంఖ్య. ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపులతో 4096 వరకు కలిపితే సరిగ్గా 8191 వస్తుంది. తక్కినవి 8191కి ఒకటి మొదలు 2048 వరకు గల రెట్టింపులు, అనగా 4095 పర్యాయాలు 8191. రెండూ కలిస్తే 4096 పర్యాయాలు, మళ్ళీ అదే సంఖ్య. గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ తన “ఎలిమెంట్స్” తొమ్మిదవ పుస్తకంలో నిరూపించిన పద్ధతి ఇదే. “మిగులు కారకముల” అన్న మాటలో ఆ ఇరవై అయిదు కారకాలూ ఇమిడినందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది.

రసం కావ్యంలో తొమ్మిదైనా గణితంలో షడ్రుచులను బట్టి ఆరే కనుక అక్కడ చిక్కు లేదు. కానీ “లోక” శబ్దానికి మూడే కాక ఏడు, పదునాలుగు కూడా చెల్లుతాయి. త్రిపురాలను బట్టి “పుర” అంటే మూడే.

రెండవ పూరణ కవి: శిరోధార్యం. “బాణ శర పుర వహ్నులై పరఁగు సంఖ్య” అని సవరించాను. రెండవ గణంలో ఇంద్రగణమైన సలం (IIUI) పోయి మరో ఇంద్రగణం నలం (IIII) వచ్చింది, యతికి భంగం లేదు.