మొటిమల మందు మొదలుపెట్టి మూడు వారాలు, ఇంకా ఎక్కువయ్యాయి. ఆపేయాలా?

మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. రెండేళ్లుగా బుగ్గల మీద, గడ్డం కింద మొటిమలు. మా అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించారు, వేపాకు, పసుపు నూరి పట్టించారు. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. వారంలో మొహం నున్నగా అయింది. మానేసిన నాలుగు రోజులకే ఎర్రగా మండుతూ రెట్టింపు వచ్చాయి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్ అని ఉంది. అది స్టెరాయిడ్ అని, మొటిమలకు రాయకూడదని స్కిన్ డాక్టర్ చెప్పాకే తెలిసింది. చీటీ అడక్కుండా ఎలా ఇచ్చారో అని ఇప్పటికీ కడుపు మండుతోంది.

డాక్టర్ రాత్రికి అడాపలీన్ 0.1 శాతం జెల్ శనగగింజంత, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం రాశారు. గుణం కనపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుందన్నారు. ఇప్పుడు మూడో వారం. ముక్కు పక్కన చర్మం పొట్టులా లేస్తోంది, కొత్త మొటిమలూ వస్తున్నాయి. పిల్ల మొహం తుడుచుకునే నీలం తువ్వాలు మీద తెల్ల మచ్చలు పడ్డాయి. అది చూసి తను భయపడిపోయింది. కాలేజీకి చున్నీ మొహానికి చుట్టుకునే వెళ్తోంది.

ఈ మందులు వాడినవాళ్లకు మొదట్లో ఇలాగే ఎక్కువయ్యాయా? ఎన్ని వారాలకు తగ్గుముఖం పట్టాయి? పొట్టు లేచినప్పుడు రోజు విడిచి రోజు రాశారా? మాయిశ్చరైజర్ జెల్‌కు ముందా, తర్వాతా?

ఇంకొకటి, తనకు నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది. టెన్షన్‌లో డాక్టర్‌కు చెప్పడం మర్చిపోయాను. మీలో ఎవరికైనా పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) వల్ల మొటిమలు వచ్చాయా? ఏ డాక్టర్‌కు చూపించారు, ఏ పరీక్షలు రాశారు? దయచేసి చెప్పండి.