బంటు, ముద్రబిళ్ళ, వరఖడ్గం: ఒక పోరాట పాత్రకు పేరు వెతుకుతూ

సభ్యులందరికీ నమస్కారం. పోయిన వారం నేను ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను. మాదాపూర్‌లో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న బృందానికి తెలుగు మాటలు రాసే పని నాది. మా ఆటలో తలపడే పాత్రలన్నిటినీ చరిత్రలోనూ పురాణాల్లోనూ వీరగాథల్లోనూ ఉన్న మనుషుల ఛాయలో తీర్చుతున్నాము. వాటిలో ఆంజనేయుడి ఛాయలో రూపొందుతున్న పాత్ర ఏ తెగ యోధుడో చెప్పడానికి ఇప్పటిదాకా ‘సేవక యోధుడు’ అని రాస్తూ వచ్చాము. ఆ జంటమాట నాకు మొదటి రోజునుంచీ రుచించలేదు. దాని స్థానంలో ‘బంటు’ అనవచ్చా అని అడిగితే ఇరవైకి పైగా జవాబులు వచ్చాయి. అన్నీ చదివి, రెండు ఆదివారాలు దీనిమీదే ఆలోచించి, నాకు తోచినది వివరంగా రాస్తున్నాను.

అభ్యంతరాలలో బలమైనది ఒక పెద్దాయన రాసినది. బంటు అంటే కింది మనిషి అని, చదరంగంలో అందరికంటే ముందు చచ్చే పావు అని, అంతటి వీరుడికి ఆ పేరు పెడితే తక్కువ చేసినట్టవుతుందని ఆయన అన్నారు. దానికి ఆధారంగా అన్నమాచార్యుల ‘బ్రహ్మమొక్కటే’ కీర్తననూ గుర్తుచేశారు. ‘నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే’ అన్నచోట రాజు పై అంచు, బంటు కింది అంచు. ఆ మాట ఒప్పుకోవలసిందే. అయితే అదే పాదంలో ‘అండనే’ అన్న చిన్న మాటను దాటిపోకూడదని నా మనవి. ఆ బంటు ఎక్కడో వీధి అరుగుమీద పడుకోలేదు, రాజు పక్కనే పడుకున్నాడు. రాజు నిద్రపోతున్నప్పుడు ఆ పక్కన ఎవరుంటారు? ప్రాణం అప్పగించదగినవాడే ఉంటాడు. హోదాలో ఆఖరివాడు, దూరంలో అందరికంటే దగ్గరివాడు. ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటమే నాకు కావలసినది.

చదరంగం సంగతి కూడా బంటుకు అనుకూలంగానే ఉంది. ఆ పలకమీద వెనక్కి నడవని పావు బంటు ఒక్కటే. ఏనుగూ గుర్రమూ మంత్రీ, చివరికి రాజు కూడా అవసరమైతే వెనకడుగు వేస్తారు. ఈ మాట మా బృందంలో చెప్పిన తరువాత, ఆ పాత్రకు వెనక్కి దూకే కదలికను తీసివేద్దామని ఆటను రూపొందించే మిత్రుడే ముందుకు వచ్చాడు.

మిగిలిన సూచనలమీద ఎక్కువసేపు ఆగను. ‘భటుడు’ అంటే జీతగాడు కళ్ళముందుకు వస్తాడు. ‘సైనికుడు’ అంటే వేలమందిలో ఒకడు. ‘యోధుడు’ మంచి మాటే కానీ అతడికి యజమాని అక్కరలేదు. ఎవరికోసం పోరాడుతున్నాడో ఆ మాట చెప్పదు. ‘దాసుడు’ అంటే చేతిలో ఆయుధం కనిపించదు, తంబూరా కనిపిస్తుంది. వరంగల్ నుంచి రాసిన సభ్యులొకరు కాకతీయుల నాటి ‘లెంక’ను సూచించారు. ప్రభువు పోతే తానూ ప్రాణం విడుస్తానని మాట ఇచ్చిన ఆంతరంగిక వీరుడు లెంక. ఆ మాటంటే నాకు చెప్పలేనంత గౌరవం. కానీ ఒక పూటలో ఇరవైసార్లు చచ్చి ఇరవైసార్లు లేచే ఆటపాత్రకు ఆ పేరు పెడితే, ఆ ప్రతిజ్ఞకు విలువ లేకుండా పోతుంది. లెంకను ఈ పనికి వాడకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బంటు అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది త్యాగరాజస్వామి హంసనాద రాగంలో చేసిన ‘బంటురీతి కొలువియ్యవయ్య రామ’ అన్న కృతి. సంగీత కచేరీలలో ఎన్నోసార్లు విన్నాను, ఇంట్లో పిల్లలు పాడుతుంటే విన్నాను. కానీ ఒక పాత్రను తయారుచేసే వాడి కళ్ళతో దాన్ని ఎన్నడూ చదవలేదు. ఈసారి అలా చదివితే, ఒక పోరాట పాత్రకు కావలసినదంతా ఆ కొద్ది పాదాలలోనే అమర్చి ఉన్నట్టు కనిపించింది.

పల్లవిలో అడుగుతున్నది ‘కొలువు’. అది ఆస్థానపు మాట, ఉద్యోగపు మాట. రాజుల కొలువు వద్దన్నాడని మనం చెప్పుకునే మనిషి, ఆ కొలువునే రాముణ్ణి అడుగుతున్నాడు, అదీ బంటు రీతిలో. అనుపల్లవిలో శత్రువులు వస్తారు: ‘తుంట వింటి వాని మొదలైన మదాదుల బట్టి నేల గూల జేయు నిజ’. తుంట విల్లు అంటే చెరకు విల్లు. అది పట్టినవాడు మన్మథుడు. అక్కడినుంచి మదం వగైరా లోపలి శత్రువులందరినీ పట్టి నేల కూల్చడం ఈ బంటు పని. ప్రాసను కూడా గమనించండి. పల్లవిలో ‘బంటు’ ఉంది కాబట్టి అనుపల్లవి రెండో అక్షరంలో ఆ ‘ంట’ రావాలి. అందుకే కాముడు తన మామూలు పేర్లతో కాక ‘తుంటవింటివాడు’గా, చేతిలో ఆయుధంతో సహా వచ్చాడు. బంటు అన్న మాటే తనకు తగిన ప్రత్యర్థిని రప్పించుకుంది. అనుపల్లవి చివరి మాట ‘నిజ’ గాలిలో ఆగిపోయినట్టు ఉంటుంది కానీ అది పల్లవి మొదటి మాటను అందుకుంటుంది: నేల కూల్చే నిజ బంటు రీతి. పాడేవారు ఆ రెండింటి మధ్య ఊపిరి ఎక్కువసేపు నిలిపితే అన్వయం తెగిపోతుంది.

చరణంలో ఉన్నవి మూడు వస్తువులు. ‘రోమాంచమను ఘన కంచుకము, రామభక్తుడను ముద్రబిళ్ళయు, రామనామమను వరఖడ్గమివి రాజిల్లునయ్య’. ఒంటికి కవచం, గుర్తుకు బిళ్ళ, చేతికి కత్తి. మా కొలువులో పాత్రకు ఏమేం తొడగాలో ఒక పట్టికలో రాసుకుంటాము. ఆ పట్టిక ఈ చరణంలో అప్పటికే పూర్తయి ఉంది.

‘రోమాంచమను కంచుకము’ అన్న రూపకం నాకు పూర్తిగా అర్థమైనది మొన్న ఆదివారం, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదిలో. అక్కడ గొలుసు కవచం ముందు చాలాసేపు నిలుచున్నాను. చిన్న చిన్న ఇనుప వలయాలు, ఒకదానిలో ఒకటి దూరి, వరుసలు వరుసలుగా ఒళ్ళంతా పరుచుకుని ఉంటాయి. దూరం నుంచి చూస్తే బట్టలా ఉంటుంది, దగ్గరకు వెళితే గరుకుగా బొడిపెలు కట్టిన చర్మంలా ఉంటుంది. గదిలో చలికి నా ముంజేతిమీద రోమాలు లేచాయి. వాటి అడుగున లేచిన సన్నని బొడిపెల వరుసనూ, అద్దం వెనక ఉన్న వలయాల వరుసనూ మార్చి మార్చి చూసుకున్నాను. పోలిక వేసిన కవి కన్ను ఎంత దగ్గరగా చూసిందో అప్పుడు తెలిసింది. ఒక తేడా ఉంది: ఇనుప కవచాన్ని పైనుంచి తొడుగుతారు, రోమాంచం లోపలినుంచి పుట్టుకొస్తుంది. దాన్ని ఎవరూ ఊడదీయలేరు, అంగట్లో కొనుక్కోలేరు. అందుచేత మా పాత్రకు కవచం దుకాణంలో దొరకకూడదని, ప్రభువు పేరు వినబడినప్పుడల్లా దానంతట అదే గట్టిపడాలని నేను పట్టుబట్టాను. ఆటల భాషలో దెబ్బలు కాచుకునే పాత్రను ట్యాంక్ అంటారు. ఈ బంటు అలాంటి ట్యాంకే కానీ, అతడి గట్టిదనం బరువువల్ల వచ్చేది కాదు.

ముద్రబిళ్ళ గురించి మరి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇద్దరు సభ్యులు దాన్ని ఉంగరమనీ, ఒకరు నాణెమనీ రాశారు. అది ఉద్యోగి తాను ఎవరి మనిషో తెలిసేలా ధరించే లోహపు బిళ్ళ. మన పెద్దవాళ్ళు ‘బిళ్ళ బంట్రోతు’ అన్నది ఆ బిళ్ళనుబట్టే. కలెక్టరు కచేరీలో భుజంనుంచి నడుముదాకా వేలాడే పట్టీ, దానిమీద ఇత్తడి బిళ్ళ. బంట్రోతులో ఉన్నది కూడా మన బంటే. హైదరాబాదులో పుట్టిపెరిగినవారికి ఇంకొక దారిలో కూడా ఇది సులువుగా తెలుస్తుంది. ఇక్కడ ఆఫీసు జవానును చప్రాసీ అంటాము. ఉర్దూలో చప్రాస్ అంటే ఆ బిళ్ళే. బిళ్ళ పెట్టుకున్నవాడు చప్రాసీ. రెండు భాషలూ ఒకే మనిషిని ఒకే వస్తువునుబట్టి పిలిచాయి. కత్తి పోయి ఫైళ్ళు మోసే ఉద్యోగం మిగిలినా, బిళ్ళ మాత్రం మాటలో నిలిచిపోయింది. కనుక త్యాగరాజస్వామి అడిగిన బిళ్ళ అలంకారపు వస్తువు కాదు. ‘నేను ఫలానావారి మనిషిని’ అని నోరు విప్పకుండా చెప్పే అధికారం అది. బిళ్ళ చూసి దారి ఇస్తారు, బిళ్ళ చూసి భయపడతారు.

ఈ ‘ఫలానావారి మనిషిని’ అన్న భావాన్ని వాల్మీకి సుందరకాండలో హనుమంతుడి గర్జనలో కూడా చూడవచ్చు. అశోకవనాన్ని ధ్వంసం చేసి రాక్షసులు మీదికి వస్తున్నప్పుడు అతడు మొదట రాముడికి జయం చెబుతాడు, తరువాత లక్ష్మణుడికి, తరువాత సుగ్రీవుడికి. ఆపైన ‘దాసోఽహం కోసలేంద్రస్య’ అంటాడు. అప్పుడుగానీ తన పేరు చెప్పడు. వేయిమంది రావణులైనా యుద్ధంలో తనకు సాటిరారన్న మాట ఆ తరువాతే వస్తుంది. వరుస అది. మా ఆటలో ఆ పాత్ర బరిలోకి దిగగానే తన పేరు తానే అరిచేటట్టు మొదట రాశాము, అదీ నేనే రాశాను. ఇప్పుడు మార్చాను. ముందు ఏలినవారి పేరు, తరువాత తన పేరు, ఆఖరున సవాలు.

చరణంలోని మూడు రూపకాలనూ కలుపుతున్న మాట ‘అను’. రోమాంచమను, భక్తుడను, నామమను. బడిలో రూపక సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే ‘అనెడి’ పెట్టి చెప్పేవాళ్ళం గుర్తుందా? ‘సంసారము అనెడి సాగరము’. పాత్రలను తీర్చేవారికి ఆ ‘అనెడి’ని మించిన సాధనం నాకు కనబడలేదు. మామూలుగా మా పని తలకిందులుగా నడుస్తుంది: ముందు ఒక పెద్ద కత్తి బొమ్మ గీస్తారు, అది బాగుంటే ఎవరో ఒక వీరుడి చేతిలో పెడతారు, ఆ తరువాత దానికొక గంభీరమైన పేరు వెతకమని నన్ను అడుగుతారు. త్యాగరాజస్వామి ముందు మనిషిలో ఉన్నదాన్ని చూశాడు, ‘అను’ చేర్చాడు, ఆ తరువాతే ఆయుధం వచ్చింది.

ఆ పద్ధతిలో మరొక పాత్రను చూడండి. మా జాబితాలో రాణి రుద్రమ ఛాయలో ఉన్న పాత్ర ఒకటి ఉంది. చిత్రకారుడు ఆమెకు మెరిసే లోహపు పలకల కవచం గీశాడు. చూడటానికి బాగానే ఉంది కానీ అది ఏ దేశపు రాణికైనా సరిపోతుంది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు మరణించిన తరువాత, వారికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే అనుచరుడు చేసిన దానాన్ని అది చెబుతుంది. అనుచరులు అంతగా తలచుకున్న ఆ రాణి ఏలినది ‘రుద్రదేవ మహారాజు’ అన్న పేరుతో. అది పురుషనామం. ఆడమనిషి ఏలుబడి ఏమిటని సామంతులు తిరగబడే కాలంలో ఆ పేరు ఆమెను కాచింది. అంటే ‘రుద్రదేవ మహారాజు అను కంచుకము’. ఆమె బిరుదు ‘రాయగజకేసరి’ని విప్పినా అదే దొరుకుతుంది: రాజులు అనెడి గజములకు సింహం. ఎదుటివాడు రాజైతేనే ఆమె దెబ్బకు బలం ఎక్కువ కావాలని నేను రాసి ఇచ్చాను. కాలిబంట్లమీద ఆ బిరుదు పనిచేయదు.

ఒక సభ్యురాలు చాలా మంచి ప్రశ్న అడిగారు: మా ఆటలో ఈ తెగకు చెందిన ఆడపాత్రలు కూడా ఉంటే వారిని ఏమంటారు? సైనికుడికి సైనికురాలు ఉంది, యోధుడికి యోధురాలు ఉంది, బంటుకు ఏముంది అని. ఏమీ అక్కరలేదని నా సమాధానం. ‘డు’ లేని మాట కాబట్టి ఆడా మగా తేడా లేకుండా నిలుస్తుంది. ఆమె బంటు, అతడు బంటు, వాళ్ళు బంట్లు. ‘నేను రాముడి బంటును’ అని ఎవరు అన్నా వాక్యంలో ఒక్క అక్షరం మారదు. తెరమీద చోటు తక్కువగా ఉండే మా పనిలో రెండక్షరాల మాట దొరకడం కూడా చిన్న లాభం కాదు.

నిన్నటి సమావేశంలో ‘సేవక యోధుడు’ కొట్టివేసి ‘బంటు’ అని రాశాము. పెద్దాయన ఇంకా ఒప్పుకోకపోవచ్చు. ఆయన తిరిగి రాస్తే తప్పక చదువుతాను.

ఇప్పుడు నాకు మిగిలిన సందేహం ఒక క్రియాపదం గురించి. ఆటలో బంటుకు కొలువు దొరికిన క్షణంలో తెరమీద ఒక వాక్యం రావాలి. ‘ముద్రబిళ్ళ లభించింది’ అని రాస్తే దారిలో దొరికినట్టు ఉంటుంది, ‘ప్రదానం చేశారు’ అంటే సన్మాన సభలా ఉంటుంది. మీ ఇళ్ళలో తాతల కాలంలో బిళ్ళ బంట్రోతులుగా పనిచేసినవారు ఎవరైనా ఉంటే, వారు బిళ్ళను ‘కట్టుకునేవారా’, ‘వేసుకునేవారా’, ‘తగిలించుకునేవారా’? కొలువులో చేరిన రోజున పైవారు బిళ్ళ ‘ఇచ్చారు’ అనేవారా, ‘కట్టారు’ అనేవారా? మీ జిల్లా పేరు కూడా చేర్చి రాయగలరు.