స్టెంట్ వేశాక కూడా నాన్నగారు మందులెందుకు మానేస్తున్నారు?

ప్రశ్న (శ్రీకాకుళం):
మా నాన్నగారికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. మొదట్లో డాక్టరుగారు చెప్పినట్టే మందులు వేసుకుని, తెల్లవారగానే నాగావళి గట్టున నడిచి వచ్చేవారు. ఇప్పుడు మాత్రలు ఒక పూట వేసుకుంటే ఒక పూట వదిలేస్తున్నారు. ఎండుచేపల పులుసు లేనిదే ముద్ద దిగదంటున్నారు. మానేసిన చుట్ట మళ్లీ ముట్టించారు. మళ్లీ గుండెపోటు వస్తుందని ఇంటిల్లిపాదీ చెబుతుంటే లేచి అవతలికి వెళ్లిపోతున్నారు. ప్రమాదం తెలిసీ ఇలా ఎందుకు చేస్తున్నారో వివరించగలరు.

జవాబు:
భయం ఒక్కటే మనిషిని మార్చదండీ. తప్పించుకునే దారి తన చేతిలోనే ఉందన్న నమ్మకం లేనివాడికి ప్రమాదం గురించి ఎంత చెబితే, ఆ మాట నుంచి అంత దూరం జరుగుతాడు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన, అంటే ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం గురించిన ఆలోచన, సారాంశం కూడా ఇదే. చిన్న పనైనా తాను చేసి నెగ్గిన అనుభవమే ఆ నమ్మకాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచుతుందని ఆయన చెప్పారు. కాబట్టి చుట్ట, ఉప్పు, నడక అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు మాత్ర సంగతి చూడండి, ఎందుకంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ముప్పుంది. ‘రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కోగానే మాత్ర’ అని వేళ, చోటు ఆయన చేతే నిర్ణయింపజేయండి.

మరొక జవాబు (విజయనగరం):
పై మాట నిజమే కానీ, నాకు ముందుగా కుంగుబాటు అనుమానం వస్తోంది. గుండెపోటు తర్వాత సుమారు ఐదుగురిలో ఒకరికి అది తీవ్రంగానే ఉంటుంది, అలాంటివారు మందులు వదిలేయడమూ ఎక్కువే. మా పెదనాన్నగారు ఏడవలేదు, దిగులని అనలేదు; సాయంత్రం అరుగు మీద కబుర్లకు రావడం మానేసి, మాత్ర అందిస్తే ‘ఇంకెన్నాళ్లులే’ అనేవారు. మేము దాన్ని మొండితనమే అనుకున్నాము, మానసిక వైద్యులు చూశాకే విషయం బయటపడింది. మీ నాన్నగారికి నిద్ర పడుతోందా, ఇష్టమైన పనుల మీద ధ్యాస ఉందా అన్నది గమనించి గుండె డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఇంకొక జవాబు:
తిండి గురించి ఒక మాట. అందరూ పులుసు తింటూ ఆయన ఒక్కరికే చప్పటి కూర వడ్డిస్తే, తాను రోగినన్న సంగతి పూటపూటకీ గుర్తొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటోంది కనుక, తగ్గించేదేదో ఇంటిల్లిపాదికీ తగ్గించండి. ఆవపెట్టిన కూరల్లో ఆవఘాటు ఉంటుంది కాబట్టి ఉప్పు తగ్గినా అంతగా తెలియదు. ఎండుచేపలు పూర్తిగా వద్దనకుండా, వేడినీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి, ఎప్పుడో ఒకసారి వండండి. ఏ రోజు వండాలో ఆయననే చెప్పమనండి.