ధర్నా రోజు షటిల్ బస్సు తోలేవాళ్లు ఏం చేస్తున్నారు? (తిరుపతి – రేణిగుంట)

రేణిగుంట రూటు
అన్నలూ, నిన్న నా పరిస్థితి చెబుతా. మీరైతే ఏం చేసుండేవాళ్లో చెప్పండి. నేను ఒక కంపెనీ స్టాఫ్ బస్సు తోలుతున్నా. బాలాజీ కాలనీలో మొదలై టౌన్ క్లబ్, లీలామహల్, బస్టాండ్ మీదుగా రేణిగుంట అవతలి ఫ్యాక్టరీకి చేర్చాలి. తెల్లారి షిఫ్టుకు ఇబ్బంది లేదు, రోడ్లు ఖాళీ. కష్టమంతా మధ్యాహ్నం 2 గంటల షిఫ్టుకే. నిన్న 12:50కి లీలామహల్ సర్కిల్ దాటి బస్టాండ్ వైపు పోతే ముందర రాస్తారోకో. చూస్తూ ఉండగానే వెనక ఆటోలు, కార్లు, రెండు ఆర్టీసీ బస్సులు వచ్చి నిలబడిపోయాయి. రివర్స్ తీసుకుందామంటే జానెడు సందు లేదు. గంటా నలభై నిమిషాలు అక్కడే.

లోపల 31 మంది, అందరూ ఆడపిల్లలే. అరగంట ఏసీ వేసి ఉంచా. తర్వాత డీజిల్ ముల్లు చూసి ఇంజన్ ఆపేశా. పది నిమిషాలకు వెనక సీట్లో ఒక పాప కళ్లు తిరిగి పక్కమ్మాయి ఒళ్లో పడిపోయింది. నీళ్లు కొట్టి, మజ్జిగ ప్యాకెట్ తాగించి మళ్లీ స్టార్ట్ చేశా. ఫ్యాక్టరీ చేరేసరికి 3 దాటింది. ఆ పిల్లలకు సగం రోజు కోత. నాకు ఓనర్ 500 కోత.

అడిగేది మూడు విషయాలు. ధర్నా ఉందని ముందే ఎట్లా తెలుసుకుంటున్నారు, ఏ దారిన పోతున్నారు? కోత వేస్తే ఓనర్‌తో ఎట్లా మాట్లాడుతున్నారు? మూడోది, బండి వదిలి దిగలేం కాబట్టి బాత్రూమ్ సంగతి ఏంటి?

డీజిల్ మేస్త్రి
ఇరవై రెండేళ్లుగా రేణిగుంట రోడ్డులో షెడ్డు నాది. నువ్వు చేసిన మొదటి తప్పు ఏసీ కోసం అరగంట ఇంజన్ నడపడం. బీఎస్6 బండ్లకు, అంటే కొత్త పొగ నిబంధనల బండ్లకు, సైలెన్సర్ దగ్గర మసి ఆపే ఫిల్టర్ ఉంటుంది. నిలబెట్టి నడిపితే పొగ వేడెక్కదు, మసి కాలదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే పికప్ పడిపోయి బండి ఈడ్చుకుంటూ పోతుంది. ఆ ఖర్చు ముందు నీ 500 ఎంత?

పాకాల లైను
మేస్త్రీ, లోపల పాప పడిపోయిందని ఆయన చెబుతుంటే మీరు ఫిల్టర్ గురించి చెబుతారేంటి? ఫిల్టర్ పోతే కొత్తది వేసుకోవచ్చు.

డీజిల్ మేస్త్రి
కొత్తది ఎవరు వేయిస్తారు, నువ్వా? ఓనర్ అది కూడా డ్రైవర్ మీదే వేస్తాడు. అట్లాంటివి నా కళ్లారా చూశా కాబట్టే చెబుతున్నా.

ఘాట్ డ్యూటీ
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఇంజన్ ఆపి ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కుతూ కూర్చుంటే బ్రేకులు పనిచేయించే ఎయిర్ దిగిపోతుంది. ముల్లు ఎర్ర గీతలోకి వస్తే బజర్ మోగుతుంది, ఇంకా దిగితే వెనక చక్రాలు పట్టేస్తాయి. అప్పుడు ముందున్న జనం దారిచ్చినా బండి కదలదు, మళ్లీ గాలి ఎక్కేదాకా ఆగాలి. నాకు ఒకసారి అలిపిరి దగ్గర ఇట్లాగే జరిగింది, వెనక నుంచి హారన్లతో చంపేశారు. అందుకే ఇంజన్ ఆపితే హ్యాండ్ బ్రేక్ వేసి కాలు పెడల్ మీంచి తీసేయాలి. పాత టర్బో బండ్లయితే ఒక్కసారిగా ఆపకూడదు, రెండు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి ఆపాలి.

డీజిల్ మేస్త్రి
టర్బో సంగతి పరుగు మీద వచ్చి ఆపితేనే. అరగంట నిలబడిన బండికి అదెందుకు? తెలిస్తే రాయి, లేకపోతే ఊరుకో.

ఘాట్ డ్యూటీ
నేను పందొమ్మిదేళ్లు కొండ మీద బస్సు నడిపా. ఎక్కేందుకు 28 నిమిషాలు, దిగేందుకు 40 నిమిషాలు. అంతకన్నా ముందు చేరిన బండ్లకు ఫైన్ ఎందుకు వేస్తారో తెలుసా? ఆ వంపుల్లో బ్రేకులు మరిగిపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి. నాకు బ్రేకుల గురించి చెప్పొద్దు, టర్బో గురించి కూడా.

తిరుచానూరు వాసి
మీరు ఆయన్ని లోపలికి పోయి ఇరుక్కోనిచ్చి తర్వాత ఇంజన్ గురించి కొట్టుకుంటున్నారు. పైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పెట్టుకుని కింద ఎందుకు పోవాలి? 2023లో అది తెరిచిందే ఇందుకు కదా.

కపిలతీర్థం వీధి
గరుడ వారధి అనండి. 2024లో టీటీడీ బోర్డు మళ్లీ ఆ పేరే పెట్టాలని తీర్మానించింది.

తిరుచానూరు వాసి
మా ఇంట్లో ఎవరు ఏ పేరన్నా అందరికీ అర్థమవుతుంది. పేరు కాదు, దారి అడుగుతున్నాడు ఆయన.

పాకాల లైను
ధర్నా రోజు పైకి ఎక్కమని చెప్పేవాళ్లు ఒక్కసారి ఎక్కి చూడాలి. దిగే చోట ముందు బండి ఆగిందంటే పైనే నిలబడాలి. తిప్పుకోవడానికి లేదు, నీడ లేదు, పిల్లలు దిగి నడవడానికి కూడా లేదు. కిందైతే కనీసం సోడా బండి ఉంటుంది.

కపిలతీర్థం వీధి
పేరు చిన్న విషయమా? ఊరికి సంబంధించిన పేరు అది.

రేణిగుంట రూటు
అన్నా, వంతెన పేరు కోసం వేరే చర్చ పెట్టుకోండి, దండం పెడతా. ఈరోజు మళ్లీ డ్యూటీ ఉంది నాకు.

నల్లకోటు
లేబర్ కేసులు చూస్తాను కాబట్టి చెబుతున్నా. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఏమందంటే, రోజుకు 8 గంటలు, వారానికి 48. ఐదు గంటలు వరసగా పనిచేస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి కలుపుకుని మొత్తం డ్యూటీ 12 గంటలు దాటకూడదు. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపేశారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయం కూడా డ్యూటీయే. మీ చేతిలో లేని ఆలస్యానికి కోత వేయడం తప్పు. ఎప్పుడు ఆగారు, ఎప్పుడు కదిలారు అని ఫోన్లో ఫొటో తీసి ఓనర్ వాట్సాప్‌కు అప్పటికప్పుడే పంపండి.

పాకాల లైను
వకీలు గారూ, 1961 చట్టం ఐదుగురు అంతకుమించి కార్మికులున్న చోటే వర్తించేది. మా ఓనర్‌కు మూడు బండ్లు, మేం ముగ్గురు డ్రైవర్లం. క్లీనర్లను ఎప్పుడో తీసేశాడు. మాకు ఏ చట్టం ఉంది?

నల్లకోటు
మీరు చెప్పిన పరిమితి నిజమే. అయినా జీతం కోత మీద లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు. ముగ్గురూ కలిసి సంతకం పెడితే ఇంకా మంచిది. ఇంకో మాట, బంద్ పేరుతో జనాన్ని బలవంతంగా ఆపడం రాజ్యాంగ విరుద్ధమని 1997లోనే కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది.

అంగన్‌వాడీ టీచర్
ఇందాకటి నుంచి చదువుతున్నా. రోడ్డు మీద కూర్చునేవాళ్లను అందరూ దొంగల్లా మాట్లాడుతున్నారు. మేం 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశాం. మా మీద ఎస్మా, అదే సమ్మెలు నిషేధించే చట్టం పెట్టారు. మూల కూర్చుని అడిగితే ఎవరూ చూడలేదు. రోడ్డెక్కాకే మమ్మల్ని పిలిచి మాట్లాడారు. బస్సులో పడిపోయిన పాపకు వచ్చే జీతం ఎంతో, నా జీతం ఎంతో ఒకసారి చూడండి.

ఘాట్ డ్యూటీ
అమ్మా, మీ కష్టం మాకు తెలుసు. 2013 ఆగస్టులో సమైక్యాంధ్ర కోసం మేం ఆర్టీసీ వాళ్లం కూడా బస్సులు ఆపాం, రెండు నెలలు జీతం లేదు. మా ఆవిడ గాజులు కుదువ పెట్టింది. కానీ మేం ఏ రోజూ అంబులెన్స్ ఆపలేదు. రుయా ఆసుపత్రికి పోయే బండి సైరన్ వినిపిస్తే మేమే లేచి దారిచ్చేవాళ్లం.

అంగన్‌వాడీ టీచర్
మేమూ ఇచ్చాం అన్నా. స్కూలు బస్సు కూడా వదిలాం.

నల్లకోటు
అంబులెన్స్‌కు దారివ్వకపోతే 2019 సవరణ ప్రకారం 10,000 జరిమానా.

తిరుచానూరు వాసి
జరిమానా చూసి ఎవరూ దారివ్వరు సార్, లోపలున్న మనిషిని చూసి ఇస్తారు.

డీజిల్ మేస్త్రి
దారి నేను చెబుతా, ఎవరూ చెప్పడం లేదు. లీలామహల్ దగ్గర నేరుగా పోకుండా కరకంబాడి రోడ్డు పట్టుకో. కరకంబాడి దాటాక కడప హైవే తగులుతుంది, అక్కడి నుంచి రేణిగుంట. దూరం పెరుగుతుంది కానీ బండి కదులుతూ ఉంటుంది. ఫిల్టర్‌కూ మంచిది.

రేణిగుంట రూటు
మేస్త్రీ, మంచి మాట. కానీ బస్టాండ్ దగ్గర ఎక్కే 11 మంది సంగతి?

డీజిల్ మేస్త్రి
గ్రూపులో మెసేజ్ పెట్టి లీలామహల్ దగ్గరికి నడిచి రమ్మను. ఒంటిగంట ఎండే, కానీ గంటన్నర బస్సులో ఉడకడం కన్నా మేలు. రామానుజ సర్కిల్ వైపు ఉండేవాళ్లయితే ఆటోలో రావాలి. ఆ డబ్బు కంపెనీని అడుగు, ఓనర్‌ని కాదు.

కండక్టరు లక్ష్మమ్మ
మూడో ప్రశ్నకు, అదే బాత్రూమ్ సంగతికి, ఎవరూ జవాబు ఇవ్వలేదు. మగవాళ్లు గోడ పక్కకు పోతారు, అందుకే మీకది ప్రశ్నలా అనిపించలేదు. నేను లేడీ కండక్టరుని. మొదటి మూడేళ్లు డ్యూటీకి ముందు నీళ్లు తాగడమే మానేశా. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు జ్వరంతో పడుకున్నా. డాక్టరమ్మ తిట్టిన తిట్టు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ పాప కళ్లు తిరిగి పడిపోయిందంటే ఒక్క ఎండే కారణం కాదు తమ్ముడూ, పిల్లలు దారిలో ఇబ్బందని పొద్దున్నుంచీ నీళ్లు తాగరు, అన్నం కూడా సరిగా తినరు. నువ్వు డోరు తీసి, "బస్సు కదలదు, ఇద్దరిద్దరుగా పోయి రండి, నేను ఆగుతా" అని ఒక్క మాట అంటే చాలు. బాత్రూములు బస్టాండ్ లోపల ఉన్నాయి, ఎదురుగా శ్రీనివాసం కాంప్లెక్స్‌లో ఉన్నాయి. దూరంగా ఇరుక్కుంటే పెట్రోల్ బంకులో అడగాలి. డోరు తీయడానికి భయపడొద్దు.

రేణిగుంట రూటు
అక్కా, నిజం చెబుతున్నా, నిన్న ఇద్దరు పిల్లలు డోరు తీయమన్నారు. బాధ్యత నాది కదా, ఎవరికైనా ఏమన్నా అయితే అనే టెన్షన్‌తో తీయలేదు. ఎందుకు అడిగారో నాకు తట్టలేదు. ఇప్పుడు చదివాక మనసు చివుక్కుమంది.

కండక్టరు లక్ష్మమ్మ
తెలిసింది కదా, చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది డ్యాష్‌బోర్డు కింద పడేసి పెట్టుకో.

ఘాట్ డ్యూటీ
ఇంజన్ ఆపాకే డోరు తియ్యాలంటే గాలి చూసుకో. ఎయిర్ దిగితే డోరు కూడా సరిగా పని చేయదు.

డీజిల్ మేస్త్రి
మళ్లీ గాలి. ఎయిర్ ట్యాంకులో నీళ్లు పొద్దునే వదిలావా లేదా అని అడుగు ముందు.

పాకాల లైను
ఈ ఇద్దరినీ ఒక బండిలో వేసి కొండకు పంపించాలి. సరే, రేపు కూడా బస్టాండ్ దగ్గర ఏదో ఉందని మా టీ కొట్టాయన అన్నాడు. టెంట్ సామాను దించుతున్నారట. ముందు తెలుసుకోవడం ఎట్లా అన్నావుగా, నాకు తెలిసేది ఇట్లాగే. టెంట్ల వాళ్లకు, టీ కొట్లకు ముందు రోజు సాయంత్రమే తెలిసిపోతుంది.

రేణిగుంట రూటు
థాంక్స్ తమ్ముడూ. రేపు 12:15కే బయలుదేరుతున్నా, కరకంబాడి మీదుగా. గ్రూపులో మెసేజ్ పెట్టేశా, బస్టాండ్ పిల్లలు తొమ్మిది మంది లీలామహల్‌కు నడిచి వస్తామన్నారు, ఇద్దరికి ఆటో. నిన్న పడిపోయిన పాప ఈరోజు డ్యూటీకి వచ్చింది. ముందు సీటు ఇచ్చి, టౌన్ క్లబ్ దగ్గర నీళ్ల బాటిల్ కొనిచ్చా. తాగమంటే నా వంక చూసింది. రేణిగుంటలో ఐదు నిమిషాలు బండి ఆపుతానమ్మా అన్నాక తాగింది.