కాలేజీ పిల్లాడికి ఏడాదికి 6,400 డాలర్లు: అమెరికాలో ట్యాక్స్ రిటర్న్ వేయాలా? వేస్తే మా డిపెండెంట్‌గానే (మేం పోషించే మనిషిగానే) ఉంచాలా?

ప్లేనో_నాన్న:
మావాడికి 20 ఏళ్ళు, ఆస్టిన్‌లో చదువుతున్నాడు. 2025లో క్యాంపస్ లైబ్రరీలో పనిచేసి 6,400 డాలర్లు సంపాదించాడు, డబ్ల్యూ-2లో (ఏడాది జీతం కాగితంలో) ఫెడరల్ ట్యాక్స్ 310 పట్టుకున్నారు. ఫీజు, రూమ్, తిండి అంతా మేమే. మా ఇద్దరి ఆదాయం 2,10,000 దాకా ఉంటుంది. మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో ఒకాయన "వాణ్ణి మీ రిటర్న్‌లోంచి తీసేయండి, కాలేజీ ఫీజు మీద ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్ వాడికొస్తుంది" అన్నారు. ఇంకొకాయన ఆ చిల్లరకి రిటర్న్ ఏంటన్నారు. మా ఆవిడేమో వాడి జీతం మన దాంట్లోనే కలిపేద్దాం అంటోంది. ఎవరి మాట వినాలి?

కొలంబస్_బాబాయ్:
వదిలేయండి. 2025కైతే జీతం 15,750 దాటితేనే వేయాలి. ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ) వాడు లైబ్రరీ కుర్రాడి వెనకాల పడతాడా?

ఎడిసన్_పిన్ని:
బాబాయ్ గారూ, మరి ఆ 310 ఎవరికి వదిలేస్తారు? వేయక్కర్లేదు అంటే వేయకూడదని కాదు కదా, వేస్తేనే వెనక్కొస్తుంది. పిల్లాడికి అది నెల కిరాణా.

ప్లేనో గారూ, మీ ఆవిడ చెప్పినట్టు మాత్రం చేయకండి. పిల్లల జీతం తల్లిదండ్రుల రిటర్న్‌లో కలపడానికి వీల్లేదు. ఫారం 8814 ఉంది గానీ అది వడ్డీ, డివిడెండ్లు మాత్రమే ఉన్న పిల్లలకి.

ఇంకోటి, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మాయి ఫిబ్రవరిలో డార్మ్‌లో కూర్చుని ఫోన్‌లోనే రిటర్న్ వేసేసి, రీఫండ్ వచ్చిందని మాకు స్క్రీన్‌షాట్ పంపింది, మేమూ మురిసిపోయాం. మార్చిలో మాది ఈ-ఫైల్ చేస్తే తిరక్కొట్టారు. "నన్ను ఇంకెవరైనా డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు" అనే గడి టిక్ చేయలేదట పిల్ల! 1040-ఎక్స్ వేసి సవరించేదాకా ఇంట్లో ఒకటే టెన్షన్.

శాన్‌హోసే_అన్న:
నేను ఆ పాట్‌లక్ ఆయన పక్షం. ఉమ్మడి రిటర్న్‌లో ఆదాయం 1,80,000 దాటితే ఆ కాలేజీ క్రెడిట్, అదే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్, తల్లిదండ్రులకి సున్నా. కాలేజీ పిల్లాణ్ణి డిపెండెంట్‌గా చూపిస్తే మీకు వచ్చేది 500, అంతే. మావాడు వేసవి ఇంటర్న్‌షిప్‌లో 30,000 తెచ్చాడు. మేం వాణ్ణి చూపించలేదు, వాడు క్రెడిట్ తీసుకున్నాడు, వాడి ట్యాక్స్ సున్నా అయింది.

లెక్కల_పంతులు:
అన్నా, మీ లెక్క మీ ఇంటికి సరిపోయింది, ఆయనకి సరిపోదు. 30,000లో స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ పడని భాగం) 15,750 పోతే 14,250, దాని మీద ట్యాక్స్ సుమారు 1,471. అమ్మానాన్న చూపించుకోకపోతే ఫీజు వాళ్ళే కట్టినా క్రెడిట్ పిల్లాడు తీసుకోవచ్చు, నిజమే. కానీ ఈ వయసు పిల్లలకి సాధారణంగా చేతికి డబ్బుగా వచ్చే 1,000 భాగం రాదు, ఉన్న ట్యాక్స్‌లోంచి 2,500 వరకు తగ్గుతుంది, అంతే. మీరు 500 వదులుకుని 1,471 మిగుల్చుకున్నారు, బాగుంది. ప్లేనో గారబ్బాయికి 6,400 మీద ట్యాక్సే లేదు. లేని ట్యాక్స్‌ని క్రెడిట్ ఏం తగ్గిస్తుంది? ఊరికే 500 పోతుంది. పైగా ఆ క్రెడిట్ ఒక విద్యార్థికి నాలుగేళ్ళే, ఒక ఏడాది దండగ.

"తీసేయండి" అనే మాటతోనే నాకు పేచీ. 24 లోపు వయసు, ఏడాదిలో కనీసం 5 నెలలు ఫుల్‌టైమ్ చదువు, తన ఖర్చులో సగానికి మించి తను పెట్టుకోలేదు. వాడు డిపెండెంట్ అవునా కాదా అన్నది ఈ లెక్కలు తేలుస్తాయి, మన ఇష్టం కాదు. డార్మ్‌లో ఉన్నా మీ ఇంట్లో ఉన్నట్టే లెక్క. మీరు చూపించినా మానేసినా వాడు ఆ గడి టిక్ చేయాల్సిందే, ఎందుకంటే అందులో అడిగేది "చూపించుకోవచ్చా" అని, "చూపించారా" అని కాదు. పిన్ని గారి ఇంట్లో దెబ్బ కొట్టింది అదే.

శాన్‌హోసే_అన్న:
సరే, 6,400కి నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. కానీ మావాడు 30,000 తెచ్చాడంటే సగం ఖర్చు వాడిదే అనొచ్చుగా?

లెక్కల_పంతులు:
సంపాదించింది కాదు, ఖర్చు పెట్టింది చూస్తారు. బ్యాంకులో దాచుకున్నది లెక్కలోకి రాదు. స్కాలర్‌షిప్ కూడా వాడి ఖర్చు కింద కట్టరు.

డెంటన్_ఎంఎస్:
నేను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద గుంటూరు నుంచి వచ్చాను, ఇవన్నీ నాకూ వర్తిస్తాయా?

లెక్కల_పంతులు:
లేదు తమ్ముడూ. మొదటి ఐదేళ్ళూ మామూలుగా నీవి 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ రిటర్న్), 8843 ఫారాలు. భారత్‌తో పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21 వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, అది వదులుకోకు. మిగతాది వేరే థ్రెడ్‌లో అడుగు.

ప్లేనో_నాన్న:
అందరికీ థాంక్స్. ఒకటి చెప్పడం మర్చిపోయాను, సంబంధం ఉందో లేదో. విజయవాడలో మా నాన్నగారు మావాడి పేరు మీద 18 లక్షలు ఎఫ్‌డీ వేశారు. వాడు పుట్టింది ఇక్కడే, సిటిజన్. నిరుడు వడ్డీ 1,30,000 రూపాయలు వాడి ఖాతాలో పడింది.

లెక్కల_పంతులు:
అసలు కథ చివర్లో చెప్పారండీ! వడ్డీ దాదాపు 1,500 డాలర్లు. డిపెండెంట్‌కి జీతం కాని ఆదాయం 1,350 దాటితే రిటర్న్ వేసి తీరాలి, బాబాయ్ గారి 15,750 ఇక్కడ పనిచేయదు. డిడక్షన్ జీతానికి 450 కలిపి 6,850. మొత్తం 7,900లో అది పోతే 1,050 మిగులుతుంది, ట్యాక్స్ సుమారు 105. పట్టుకున్న 310లోంచి 205 వెనక్కొస్తుంది. ఇండియాలో టీడీఎస్ కోసి ఉంటే ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ కూడా చూడండి. వడ్డీ 2,700 దాటలేదు కాబట్టి మీ ట్యాక్స్ రేటు వాడి వడ్డీకి తగలదు.

రిటర్న్‌తో జత చేసే షెడ్యూల్ బిలో విదేశీ ఖాతా ఉందని రాయాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్ట్) వేయాలి, మీ ఎఫ్‌డీ ఎప్పుడో దాటేసింది. అది ట్యాక్స్ కాదు, సమాచారం మాత్రమే, ఆన్‌లైన్‌లో ఉచితం, ఏప్రిల్ 15 గడువు, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు. పిల్లాడు మేజర్ కాబట్టి వాడి పేరు మీదే వేయాలి. పాతేళ్ళవి వేయకపోయి ఉంటే మాత్రం సొంత వైద్యం వద్దు, సీపీఏని (ఇక్కడి ఆడిటర్‌ని) కలవండి.

కొలంబస్_బాబాయ్:
నా మాట వినకండి ప్లేనో గారూ. మా పిల్ల పేరు మీద కూడా హైదరాబాద్‌లో ఒకటుంది, ఇప్పుడే గుర్తొచ్చింది.

ప్లేనో_నాన్న:
వడ్డీ స్టేట్‌మెంట్ కావాలని నాన్నగారికి ఫోన్ చేశాను. "నా మనవడి డబ్బుతో అమెరికా వాడికేం పని?" అని అరగంట నుంచి క్లాస్ పీకుతున్నారు.