జబ్బు పడ్డ తల్లికోడి కింద కొత్త పిల్లల్ని ఉంచాలా, తీసేయాలా?

గంపకింద:
అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి. నా పెట్టకి పదకొండు గుడ్లు పొదగేశాను. నిన్నటికి 21 రోజులు. ఏడు పిల్లలు బయటికొచ్చాయి, ఇంకో రెండు గుడ్లకి చిల్లు పడింది, లోపల్నుంచి కీచుకీచు వినబడుతోంది. వచ్చిన పిల్లలు ఒళ్లారి చురుగ్గానే ఉన్నాయి. బెంగంతా తల్లి గురించే. నిన్న సాయంత్రం నుంచి కళ్లు మూసుకుని తూగుతోంది, ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుపోయింది, నీళ్లు ముందు పెట్టినా ముక్కు ముంచట్లేదు, రెట్ట పచ్చగా పడింది. ఇంట్లో సగం మంది పిల్లల్ని తీసి బల్బు కింద పెట్టమంటున్నారు, సగం మంది తల్లిని విడదీస్తే అవి బతకవంటున్నారు. ఏం చేయను?

ముక్కుసూటి:
తీసేయండి. ఇప్పుడే. ఇందులో ఆలోచించడానికేముంది? తూగే కోడి, పచ్చ రెట్ట అంటే నాకు ముందు గుర్తొచ్చేది కొక్కెర తెగులు, అదే రాణిఖేత్ అంటురోగం. ఒక అట్టపెట్టె, అడుగున గరుకు గుడ్డ, పైన బల్బు, పిల్ల వీపు ఎత్తులో థర్మామీటరు 35 డిగ్రీలు చూపించాలి, అంతే పని. ఒకసారి గురక పెడుతున్న పెట్ట కింద తొమ్మిది పిల్లల్ని వదిలేశాను, తల్లి ప్రేమ అదీ ఇదీ అనుకుని. పది రోజులు తిరక్కుండా కళ్లు వాచాయి, ముక్కులు కారాయి, ఆరు పోయాయి. ఆ రోజు నుంచి నా దగ్గర జాలి లేదు.

రెక్కలచాటు:
జాలి సంగతి తర్వాత, ముందు లెక్క సరిగ్గా చూడండి. గురక అన్నారు కదా, అది మైకోప్లాస్మా (ఊపిరికి పట్టే రోగక్రిమి) అయ్యుంటుంది. అది తల్లి ఊపిరి నుంచే కాదు, గుడ్డులోంచి కూడా పిల్లకి వస్తుంది. తెల్లపారుడూ (పిల్లలకి తెల్ల రెట్టలు పడే జబ్బు) అంతే. మీరు పుట్టిన గంటకే తీసినా కొన్ని పిల్లలు జబ్బుతోనే పుట్టి ఉండేవి. ఇక బల్బు గురించి నా అనుభవం వినండి. రాత్రి రెండింటికో మూడింటికో బల్బు మాడిపోయింది, తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టగా పడున్నాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి. పెట్ట ఒంటి వేడి 41 డిగ్రీలు ఉంటుంది, కరెంటు అక్కర్లేదు, మాడిపోదు.

ముక్కుసూటి:
గుడ్డులోంచి అన్ని పిల్లలకీ రాదండీ, కొన్నిటికే వస్తుంది. మిగతావి తల్లి దగ్గూ తుమ్మూ పీల్చి తెచ్చుకుంటాయి. నేను కాపాడుకోగలిగినవి ఆ మిగతావే. మీ పెట్ట మాడిపోదు సరే, చచ్చిపోతే? చల్లబడిన తల్లి కింద తెల్లారేదాకా పిల్లలు ఉంటే ఏమవుతాయో అది కూడా రాయండి.

పుంజుమాట:
మీరిద్దరూ కొట్టుకునేలోపు ఆ కోడికి మనుషుల యాంటీబయాటిక్ మాత్ర అర ముక్క నూరి పోసేస్తే పోలా? నేను అదే చేస్తాను, లేస్తే లేచింది.

పాతగూడు:
తమ్ముడూ, అలా "లేస్తే లేచింది" అని మాత్రలు పోయకు. కొక్కెర తెగులు వైరస్, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేసే జబ్బే అయినా ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది కోడి బరువుని బట్టి డాక్టర్ చెప్పాలి, ఆ తర్వాత ఇన్ని రోజులు గుడ్లు తినకూడదన్న లెక్క కూడా ఉంటుంది. ఇంకో మాట, పోయడం అన్నావు కదా, కోడి నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక కనబడుతుంది, అది గాలి గొట్టం. తూగే కోడి నోట్లో నీళ్లో నూనో గుమ్మరిస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. రోగంతో చావని కోళ్లు ఈ పోతతో చచ్చిన సందర్భాలు నేను చూశాను (ఒకటి నా చేతుల్లోనే). ముక్కు పక్కన చుక్క చుక్కగా అంటిస్తే అదే చప్పరిస్తుంది.

గంపకింద గారూ, మీరు అడిగినదానికి నా జవాబు ఏంటంటే, అసలు తల్లికి ఏమైందో చూడకుండా ఉంచాలా తీయాలా అని వాదించడం దండగ. చేత్తో పట్టుకోండి. ముక్కు కారుతోందా? ఊపిరిలో గరగర ఉందా? మెడ తిరిగిపోతోందా, రెక్కో కాలో వేలాడుతోందా? తల మీది జుట్టు ఏ రంగులో ఉంది? రొమ్ము ఎముక చేతికి ఎలా తగులుతోంది? మిగతా కోళ్లు ఎలా ఉన్నాయి? చూసి రాయండి. ఒకవేళ గూట్లో రెండు మూడు కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపడి ఉంటే, జుట్టు నల్లబడి, మొహాలు వాచి ఉంటే మాత్రం దేన్నీ ముట్టుకోకండి, పశువైద్యాధికారికి కబురు పెట్టండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, అప్పుడు ఈ ప్రశ్నే ఉండదు.

రెక్కలచాటు:
పచ్చ రెట్ట గురించి ఒక మాట చేర్చాలి. పచ్చగా పడిందనగానే తెగులు అనేయకూడదు. తిండి తినని కోడికి కడుపులో పైత్యరసం తప్ప ఏమీ ఉండదు, అదే పచ్చగా వస్తుంది. పొదిగే పెట్ట రోజుకి ఒక్కసారి లేచి పది ఇరవై నిమిషాల్లో తిని, తాగి, రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది. ఆఖరి రెండు రోజులు, గుడ్లలోంచి కీచుమనడం మొదలయ్యాక, అసలు లేవదు. అదీ ఎండాకాలమైతే ఇంకా దారుణం. మీ పెట్టకి రోగం కంటే ఆకలీ దాహమే ఎక్కువేమో.

ముక్కుసూటి:
ఏమో, కావచ్చు. ఆ "కావచ్చు" మీద ఏడు పిల్లల్ని పందెం కాయమంటున్నారు మీరు.

రెక్కలచాటు:
మీరు మాత్రం పందెం కాయట్లేదా? తల్లి నుంచి తీస్తే పోయేది వేడి ఒక్కటే అనుకుంటున్నారు. నుర్మి, రంతాలా అని ఇద్దరు ఫిన్లాండ్ పరిశోధకులు 1973లో చూపించారు, పెద్ద కోడి పేగుల్లోని సూక్ష్మజీవుల్ని అప్పుడే పుట్టిన పిల్లలకి అందిస్తే సాల్మొనెల్లా అనే రోగక్రిమిని తట్టుకున్నాయని. తల్లి దగ్గర పెరిగే పిల్ల తల్లి రెట్ట పడిన చెత్తలో ముక్కు పెట్టి అదే పని చేసుకుంటుంది. పైగా తల్లి కొక్కొక్కొ అని పిలిచి గింజ చూపిస్తే ఒక్క పూటలో తినడం నేర్చేసుకుంటాయి. బల్బు కింద పిల్లలకి మనం వేలితో పొడిచి చూపించాలి.

ముక్కుసూటి:
అది ఆరోగ్యంగా ఉన్న కోడి పేగుల సంగతి. జబ్బు కోడి రెట్టలోంచి ఏం అందుతుందో నాకు చెప్పక్కర్లేదు. మారెక్స్ అనే వైరస్ జబ్బు తీసుకోండి, అది గుడ్డులోంచి రాదు, తల్లి ఈకల పొట్టులోంచి దుమ్ములా లేచి పిల్లల ఊపిరిలోకి పోతుంది. వారాల తర్వాత కాళ్లు చాపేసి పడిపోతాయి, అప్పుడు మందు లేదు. వ్యాక్సిన్ పుట్టిన రోజే వేయాలి, అప్పుడైనా అది పని మొదలెట్టేదాకా దుమ్ముకి దూరంగా ఉంచాలి.

పాతగూడు:
ఇది మాత్రం నిజం. ఇద్దరూ చెరో సగం నిజం చెబుతున్నారు, అదే తలనొప్పి.

పుంజుమాట:
సరే మాత్ర వద్దు. రక్తపారుడు (రెట్టలో రక్తం పడే పరాన్నజీవి జబ్బు) రాకుండా ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి, బలానికి బి విటమిన్ కూడా వేసేస్తే?

పాతగూడు:
రెండూ కలిపితే దేని పని అది చేయదు. ఆంప్రోలియం ఆ పరాన్నజీవికి బి1 అందకుండా చేసి చంపుతుంది. నువ్వు పక్కనే బి1 పోస్తే దానికి విందు భోజనం. అయినా రక్తపారుడు గుడ్డులోంచి బయటపడిన రోజే రాదు. రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లు తడిలో ఒకటి రెండు రోజులు పండాలి, పిల్ల వాటిని మింగాలి, మింగాక అయిదారు రోజులకి రక్తం కనబడుతుంది. ఎక్కువగా మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో చూస్తాం. ఇప్పుడు చేయాల్సింది మందు కాదు, అడుగు పొడిగా ఉంచడం.

చీకటికోడి:
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతా, ఆ గంప ఎన్నాళ్లనుంచి వాడుతున్నారు? పొదిగే కోడి మూడు వారాలు కదలకుండా ఒకే చోట ఉంటుంది, గూటి నల్లులకి (మంచం నల్లులు కావు, కోళ్లని పట్టే సన్న పురుగులు) ఇంతకంటే పండగ ఉండదు. పగలు గంప సందుల్లో, చెక్క పగుళ్లలో దాక్కుంటాయి, కోడి ఒంటి మీద ఒక్కటీ కనబడదు, చీకటి పడగానే వచ్చి రక్తం తాగుతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం చాలు. రాత్రి టార్చి వేసి చూడండి, తెల్ల గుడ్డతో గంప అడుగు గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్ర చారలు పడితే మీ రోగం దొరికినట్టే.

గంపకింద:
పాతగూడు గారూ, మీరు చెప్పినవన్నీ చూశాను. ముక్కు పొడిగా ఉంది, గరగర లేదు, మెడ బాగానే ఉంది. మిగతా నాలుగు కోళ్లూ మామూలుగా తిరుగుతున్నాయి. రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. జుట్టు ఎర్రగా ఉండాల్సింది, దాదాపు తెల్లగా పాలిపోయింది, ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు. ఇప్పుడే టార్చి వేసి చూశాను. చీకటికోడి గారూ, గుడ్డంతా ఎరుపు. గంప అంచుల్లో బారులు కట్టి ఉన్నాయి, నా చేతి మీదకి కూడా పాకాయి. ఒళ్లు జలదరించింది.

చీకటికోడి:
ఇప్పుడే తల్లినీ పిల్లల్నీ ఆ గంపలోంచి తీసేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. తల్లిలో ఉన్నంత రక్తం పిల్లలో ఉండదు, ఒకటి రెండు రాత్రుల్లో పీల్చేస్తాయి. కొత్త అట్టపెట్టె, కొత్త పరుపు. చిల్లు పడ్డ గుడ్లు కూడా అందులోకే, చల్లారనివ్వకుండా. పాత గడ్డి కాల్చేయండి, గంప కూడా కాల్చేస్తే మంచిది, ఖాళీగా పెడితే చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. గూటి చెక్కల పగుళ్లలో సలసల కాగే నీళ్లు పోయండి. మందు కొడితే కోళ్లకి పనికొచ్చేదే కొట్టండి, పిల్లల మీద మాత్రం పడనీయొద్దు.

రెక్కలచాటు:
చూశారా! తల్లినీ పిల్లల్నీ కలిపే మార్చాలి. నేను మొదట్నుంచీ అన్నది ఇదే.

ముక్కుసూటి:
మీరన్నది ఆకలి అని. నల్లి అనలేదు. నేను కొక్కెర అన్నాను, ఒప్పుకుంటా, తప్పే. అయినా ఒంట్లో రక్తం లేని కోడి ఏడు పిల్లలకి వెచ్చదనం ఇవ్వగలదా? నేనైతే పెట్టెలో ఒక మూల బల్బు పెడతాను. తల్లి చల్లబడితే పిల్లలకి ఇంకో దారి ఉండాలి.

పాతగూడు:
అలాగే చేయండి. బల్బు ఒక చివర, తల్లి రెండో చివర. పిల్లలే చెబుతాయి, బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి, అక్కడక్కడా చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్టు. బల్బుని ఒక్క తీగ మీద వేలాడదీయకండి, రెండో కట్టు వేయండి, అది గడ్డి మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. తల్లికి గోరువెచ్చని నీళ్లలో కొంచెం పంచదార. పిల్లల స్టార్టర్ మేతే తడిపి తల్లికీ పెట్టండి, గుడ్లు పెట్టే కోళ్ల మేత మాత్రం పిల్లల ముందు పెట్టకండి, అందులో సున్నం పిల్లలకి కావాల్సినదానికి మూడు నాలుగు రెట్లుంటుంది, కిడ్నీలు పోతాయి. పిల్లలు ఇవాళ తినలేదని కంగారు పడొద్దు, కడుపులో ఇంకా పచ్చసొన ఉంది, రెండు మూడు రోజులు నడుస్తుంది. వెనక రెట్ట అంటుకుని మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో తుడవండి, కిందుగా ఉండే బొడ్డుని మాత్రం లాగకండి. పిల్లలకి వారం నిండేలోపు కొక్కెరకి కంటి చుక్కల టీకా వేయించండి. మీ కోడికి లేదు కదా అని వదలొద్దు.

పుంజుమాట:
ఈ గురువుగారు మొదట్లోనే ఇంత రాసేసి ఉంటే నేను మాత్ర గురించి ఎత్తేవాణ్ణే కాదు.

గంపకింద:
మూడో రోజు రాస్తున్నాను. ఆ రాత్రే మార్చేశాం, గంప కాల్చేశాం. చిల్లు పడ్డ రెండు గుడ్లలో ఒకటి తెల్లారేసరికి తనంతట తానే పగిలింది, రెండోది లోపలే పోయింది. పెంకు తీసి సాయం చేసుంటే బతికేదేమో తెలీదు, ధైర్యం చాల్లేదు. తల్లి మొదటి రోజు ఏమీ తినలేదు, పంచదార నీళ్లు మాత్రం ముక్కు పక్కన రాస్తే చప్పరించింది. నిన్న మధ్యాహ్నం తడి మేతలో ముక్కు పెట్టింది. తూగడం తగ్గింది, జుట్టు ఇంకా పాలిపోయే ఉంది. పిల్లలు పగలంతా బల్బు కింద తిరుగుతున్నాయి, రాత్రి మాత్రం ఎనిమిదీ తల్లి కిందకే దూరుతున్నాయి.

ముక్కుసూటి:
సంతోషం. బల్బు తీయకండి. రోజూ పొద్దున్నే తల్లి ముక్కు, పిల్లల కళ్లు చూడండి, ఒక్క తుమ్ము వినబడినా నాకు ఇక్కడ రాయండి, అప్పుడు మళ్లీ "తీసేయండి" అనే అంటాను.

రెక్కలచాటు:
అప్పుడు నేనూ ఇక్కడే ఉంటాను. ఇంతకీ ఆ రెండో గుడ్డుకి సాయం చేయాల్సిందా వద్దా? దాని మీద వేరే చర్చ పెట్టండి, నాకు చాలా చెప్పాలని ఉంది.

చీకటికోడి:
చర్చ సరే గంపకింద గారూ, ఇవాళ రాత్రి కొత్త పెట్టె అడుగు కూడా ఒకసారి తెల్ల గుడ్డతో తుడవండి. వారం తర్వాత మళ్లీ.