కా-బార్ కత్తికి పెట్టే డబ్బు పేరుకా, పనికా?

పైన్‌చెట్లనీడ (న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. పోయిన వారం మా క్యాంపింగ్ జట్టులో చలిమంట దగ్గర మొదలైన వాదన ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. నా దగ్గర నాలుగేళ్లుగా కా-బార్ అనే అమెరికా కంపెనీ చేసిన 1217 నమూనా కత్తి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరీన్లు వాడిన నమూనా అదే. 7 అంగుళాల అలుగు, 1095 క్రో-వాన్ ఉక్కు, తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి అదిమిన పిడి. ఒక మిత్రుడు దాన్ని చేతిలోకి తీసుకుని "ఇది గోడకు తగిలించుకునే కత్తి, అడవికి తెచ్చేది కాదు" అన్నాడు. ఇంకో మిత్రుడు ఆ మాటకు మండిపడ్డాడు. ఇద్దరూ కత్తులు బాగా వాడినవాళ్లే.

నా వరకు నేను దాంతో తాళ్లు కోశాను, పుల్లలు చెక్కాను, డబ్బాలు తెరిచాను. ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ దుంగలు చీల్చే పని ఎప్పుడూ చేయించలేదు, కాబట్టి నా సాక్ష్యం సగమే. విశాఖలో ఉన్న మా బావమరిది తనకూ ఒకటి తెమ్మంటున్నాడు. వాడికి ఏం చెప్పను? చేతిలో ఉన్నవాళ్లు, పని చేయించినవాళ్లు చెప్పండి.

అడవిదారి (టెక్సస్):
మీ మొదటి మిత్రుడి మాటే నాదీ. 1217 రెండేళ్లు ఉంచుకుని ఇచ్చేశాను. కంపెనీ మీద నాకు కోపం లేదు, ఇప్పుడు వాడుతున్నది కూడా వాళ్ల బీకే2నే. నా గొడవంతా ఈ నమూనాతోనే.

తోలు పిడి లోపలికి దిగే ఇనుము అలుగంత వెడల్పు ఉండదు. సన్నని తోకలా దిగుతుంది. ఎండు దుంగ మీద అలుగు పెట్టి వీపు మీద దుడ్డుకర్రతో కొడుతున్నప్పుడు ఆ దెబ్బంతా ఎక్కడ చేరుతుందో ఒక్కసారి ఆలోచించండి. అలుగు, తోక కలిసే మెడ దగ్గర. బీకే2 అలా కాదు. అలుగు 5 అంగుళాల పైచిలుకే అయినా మందం పావు అంగుళం, అదే ఇనుము అదే వెడల్పుతో పిడి చివరిదాకా వస్తుంది, రెండు వైపులా పిడి పలకలు బిగిస్తారు. బరువు అర కిలోకు కాస్త తక్కువ. మోయడం కష్టమే, కానీ నమ్మొచ్చు.

ఇంకోటి, 1217కు ముందున్న ఆ అడ్డపట్టీ. చెయ్యి జారి అంచు మీదికి పోకుండా అది కాపాడుతుంది, నిజమే. కానీ చిన్న చెక్కుడు పనికి వేళ్లు అంచు దగ్గరికి తీసుకోవాలంటే అదే అడ్డం. నేను అడవిలో చేసే పనిలో పొడిచేది ఏమీ లేదు, చెక్కేదే ఎక్కువ.

పాతకాగితాలు (మిషిగన్):
గోడకు తగిలించుకునే కత్తి అన్న మాట దాని పుట్టుకకే ఎదురు. మెరుపుదాడులు చేసే మెరీన్ రైడర్ దళాలకు అంతకుముందు ఇచ్చింది సన్నని బాకు, రెండు వైపులా పదును, పొడవడానికి తప్ప దేనికీ పనికిరాదు. పసిఫిక్ దీవుల్లో సైనికులు దాంతోనే పెట్టెలు పెకలించారు, తిండి డబ్బాలు తెరిచారు. మొనలు విరిగాయి, జింకు కలిసిన పిడులు పాడయ్యాయి. పొడవడం ఎప్పుడో ఒకసారి, డబ్బా తెరవడం రోజూ అని అప్పుడే తెలిసొచ్చింది. ఆ పాఠం మీద పుట్టి, నవంబరు 1942లో మెరీన్ల ఆమోదం పొందిన కత్తి ఇది. పోరాటానికీ పనికీ రెండింటికీ అన్న మాట దాని అధికారిక పేరులోనే ఉంది.

అలుగు పక్కన ఉన్న గాడిని రక్తం కారడానికని కొందరు చెబుతుంటారు. అది కాదు. బరువు తగ్గించడానికి.

కరీంనగరోడు (డాలస్):
అన్నా, నా తాన గూడ ఉన్నది. తుప్పు ముచ్చట ఎవ్వలు తియ్యలేదు, నేను చెప్త. వానల తడిసిన కత్తిని తుడిచినట్టే తుడిచి తోలు ఒరల వెట్టి గ్యారేజ్‌ల వదిలిపెట్టిన. రెండు నెలలకు తీసి చూస్తే నల్ల పూత లేని అంచు పొడుగునా ఎర్రగ అయింది, పిడి మీద తెల్ల బూజు. తప్పు నాదే, కత్తిది గాదు. తోలు తడిని వట్టుకుంటది, దాన్ల ఉక్కును వండబెట్టినట్టయింది. సానరాయి మీద ఒక పూటంత నూరిన. పదును మాత్రం మళ్ల సుళువుగనే వచ్చింది, అది మెచ్చుకోవాలె.

కొలిమిగట్టు (గుంటూరు):
మాది నాలుగు తరాలుగా కమ్మరి ఇల్లు. నాకు ఈ కా-బార్ కత్తిని ఒక డాక్టరు గారు పిడి వదులైందని తెచ్చిచ్చినప్పుడు విప్పి చూసే అవకాశం వచ్చింది, అందుకే రాస్తున్నాను.

ముందు తుప్పు సంగతి. 1095 అంటే దాదాపు ఒక శాతం కార్బన్ ఉన్న ఉక్కు. క్రో-వాన్ అన్న పేరు వినగానే క్రోమియం ఉంది కాబట్టి తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. తుప్పుకు ఎదురు నిలవాలంటే క్రోమియం కనీసం పది పదిన్నర శాతం కావాలి. ఇందులో ఒక శాతం కూడా ఉండదు. అది ఉక్కు గట్టిపడటానికి వేసింది, రేణువు సన్నబడటానికి వేసేది వనేడియం. కాబట్టి కరీంనగర్ తమ్ముడికి జరిగింది ఎవరికైనా జరుగుతుంది.

ఇక తోక సంగతి. అడవిదారి గారూ, మన కొడవలికి ఉన్నది సన్నని తోకే కదా. పిడిలోకి కాల్చి దిగ్గొడతాం, నోటి దగ్గర పొన్ను వేస్తాం. మా తాత చేసిన కొడవళ్లు ఇప్పటికీ వరి కోస్తున్నాయి. తోక సన్నగా ఉంటే బలహీనమని ఒక్క ముక్కలో తేల్చలేం. చూడాల్సింది మెడ. అలుగు నుంచి తోకకు దిగే చోట మూల నిక్కచ్చిగా లంబకోణంలో కోసి ఉంటే దెబ్బ బరువంతా ఆ ఒక్క గీత మీద పడుతుంది, బీట అక్కడే మొదలవుతుంది. అదే మూలను గుండ్రంగా వాలిస్తే బరువు పరుచుకుంటుంది. తర్వాత పదును నీళ్లు, అంటే కాల్చిన ఇనుమును ముంచి గట్టిపరచడం. అంచుకు కావలసిన గట్టితనం తోకకు అక్కర్లేదు. తోక కాస్త మెత్తగా, వంగేటట్టు ఉండాలి. ఒకే గట్టితనంతో చివరిదాకా వదిలేస్తే వెడల్పు తోకైనా పెళుసు కావచ్చు.

కానీ కొడవలి చేసేది లాగే పని. వీపు మీద దుడ్డుకర్ర దెబ్బ ఎవరూ కొట్టరు. దుంగ మధ్యలో అలుగు ఇరుక్కుంటే పిడిని పక్కకు తిప్పి లాగుతారు చూడండి, ఆ తిప్పుడే మెడకు అసలు శత్రువు. నిలువు దెబ్బ కంటే అదే ప్రమాదం. లారీ కమాన్ పట్టాతో మేం చేసే వేటకత్తికి కూడా ఆ తిప్పుడు వద్దనే చెబుతాం.

అడవిదారి (టెక్సస్):
కొలిమిగట్టు గారూ, మీ మాట విన్నాక తోక సన్నగా ఉంటే బలహీనమని నేను గుండుగుత్తగా అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక చిక్కు అలాగే ఉంది. మీరు కొలిమిలో మెడను చూసి, మూల వాలిందో లేదో వేలితో తడిమి అమ్ముతారు. కొనేవాడికి తోలు బిళ్లల కింద ఏముందో ఎలా తెలుస్తుంది? పిడి విప్పితే తప్ప బీట కనబడదు. పలకలు బిగించిన కత్తిలో ఇనుము అంచు చుట్టూ కళ్లెదుటే ఉంటుంది.

అందుకే నేను ఈఎస్ఈఈ అనే వేరే కంపెనీ కత్తి, ఈఎస్ఈఈ-4 కూడా కొన్నాను. అదీ 1095 ఉక్కే, అదీ తుప్పు పడుతుంది. కానీ కత్తి ఎలా విరిగినా మారుస్తామని, రెండో యజమానికి కూడా వర్తిస్తుందని ఆ కంపెనీ రాసిస్తుంది. ఊరికి ముప్పై మైళ్ల అవతల రాత్రిపూట కత్తి విరిగితే ఆ కాగితం నన్ను కాపాడదు. అయినా తయారుచేసినవాడు తన పని మీద అంత మాట ఇస్తున్నాడంటే నాకు ధైర్యం. నా చేతిలో ఒకసారి వేరే కత్తి విరిగింది, ఎవరిదో చెప్పను. ఆ రాత్రి తడి పుల్లలతో మంట వెయ్యలేక పిల్లలు వణికారు. అప్పట్నుంచి కళ్లకు కనబడని ఇనుమును నమ్మడం నా వల్ల కావట్లేదు.

మావిడాకు (సియాటిల్):
అన్నయ్యలూ, దుంగలు చీల్చడం దగ్గరే అందరూ ఆగిపోయారు. నేను నలుగురికి వంట చేస్తాను క్యాంపులో. మా వారి కా-బార్‌తో ఉల్లిపాయ తరిగి చూడండి. 4 మిల్లీమీటర్లు దాటిన మందం, వీపు నుంచి కాకుండా మధ్యలోంచి మాత్రమే అంచుకు వాలిన అలుగు. క్యారెట్ అయితే తెగదు, పగులుతుంది. స్వీడన్ మోరా కత్తి నా చేతిలో దానికంటే ఎన్నో రెట్లు నయం. కా-బార్ ఒక్కటి కొనే డబ్బుకు మోరాలు మూడు నాలుగు వస్తాయి. దుంగలకు చిన్న గొడ్డలి తీసుకెళ్తాం. గొడ్డలి ఉన్నచోట కత్తిని సుత్తిదెబ్బలు కొట్టడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకో మాట. ఆ పిడి నా గుప్పిట్లో నిండుగా పట్టదు. చేతులు చిన్నవైనవాళ్లు కొనేముందు ఒకసారి పట్టుకుని చూడాలి.

పాతకాగితాలు (మిషిగన్):
మావిడాకు గారి మాట నిజం, నేనూ ఒప్పుకుంటాను. ఆ మందం డబ్బా మూతకోసం, కూరగాయకోసం కాదు.

పేరుకా డబ్బు అన్న అసలు ప్రశ్నకు వస్తే, యుద్ధకాలంలో ఈ నమూనాను ఒక్క కంపెనీ చేయలేదు. మొదటి కత్తులు జనవరి 1943లో కమిలస్ కంపెనీ నుంచి వచ్చాయి. కా-బార్ ముద్ర వేసిన యూనియన్ కట్లరీతో పాటు రోబ్సన్, పాల్ కూడా చేశాయి. సైనికుల నోట్లో మాత్రం అన్నీ కా-బార్‌లే అయ్యాయి. యూనియన్ కట్లరీ తన పేరునే తర్వాత కా-బార్‌గా మార్చుకుంది. కాబట్టి మా తాతయ్య వాడాడని అమెరికన్లు చూపించే కత్తుల్లో చాలా వేరే కార్ఖానాలవి. ఆ కీర్తి ఒక నమూనాది. ఇవాళ న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్ ఊళ్లో చేసే కత్తిని ఇవాళ్టి పనితనంతోనే తూచాలి. నా తూకంలో అది నెగ్గుతుంది. నాది పన్నెండేళ్లుగా వాడుకలో ఉంది.

కరీంనగరోడు (డాలస్):
నీడ అన్నా, బావమరిది విశాఖల ఉంటడంటివి కదా. అక్కడ సముద్రపు గాలి. గ్యారేజ్‌లనే నాకు గంత బూజు వట్టింది, ఇగ అక్కడ తోలు పిడి ఎట్ల నిలుస్తది? రబ్బరు లాంటి పిడి, ప్లాస్టిక్ ఒరతో వచ్చే రకం అదే కంపెనీల ఉంది, గది చూడు.

పాతకాగితాలు (మిషిగన్):
చట్టం కూడా చూసుకోండి. ఇండియాలో ఆయుధాల చట్టం కింద 9 అంగుళాలు మించిన పొడవు లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటికి, వ్యవసాయానికి చేసినవి మినహాయింపు. ఇది 7 అంగుళాలే, ఆ లెక్కకు లోపలే ఉంది. కానీ ఎన్నికలప్పుడో గొడవలప్పుడో పోలీసులు వేరే ఉత్తర్వులు ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే కత్తి ఉంది. పాపికొండల జాతీయ పార్కులోకి, నల్లమల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పట్టుకెళ్తే కేసు అవుతుంది. మీ బావమరిది ఎక్కడ తిరుగుతాడో అడగండి.

పైన్‌చెట్లనీడ (న్యూజెర్సీ):
అడిగాను. అరకు దగ్గర స్నేహితుల కాఫీ తోటలో రాత్రులు ఉంటారట, అభయారణ్యం కాదు. చేసే పని కొమ్మలు కొట్టడం, వంట. అంటే దుంగలూ లేవు, పొడవడమూ లేదు. వాడికి మోరా ఒకటి కొంటున్నాను, కొమ్మలకు కొలిమిగట్టు గారి లాంటి వారి దగ్గర వేటకత్తి చేయించుకోమన్నాను. పెట్టె సామానులో వేసి తెస్తాను, చేతిసంచిలో కాదు.

నాది మాత్రం నేను అమ్మను. నిన్న పెరట్లో ఎండిన మేపుల్ దుంగ మీద పెట్టి కొట్టాను, మణికట్టంత లావుది. రెండుగా చీలింది. ఇరుక్కున్నప్పుడు తిప్పలేదు, పక్కన చెక్క మేకు దిగ్గొట్టి విడిపించాను. అంతకంటే లావు దుంగను దాని మీద పెట్టను. అడవిదారి గారూ, మీ పిల్లల సంగతి చదివాక ఇక గొడ్డలి లేకుండా నేనూ బయల్దేరను.

కొలిమిగట్టు గారూ, ఒక్క సందేహం. పిడి తోలు ఎండిపోయినట్టుంది, నూనె పట్టించమంటారా?

కొలిమిగట్టు (గుంటూరు):
నూనె వద్దు బాబూ. తోలు మెత్తబడి బిళ్లలు వదులవుతాయి, డాక్టరు గారి కత్తికి జరిగింది అదే. తేనెమైనం కాస్త వేడిచేసి పలచగా రుద్ది, పాత పంచె గుడ్డతో తుడిచెయ్యండి. అలుగుకు మాత్రం తిండికి వాడే నూనె రాయొద్దు, జిగురు కడుతుంది. కుట్టుమిషన్ నూనె చుక్క చాలు, కూరగాయ కోసేముందు కడుక్కోండి. ఒర ఇంటికి వచ్చేదాకే. ఇంట్లో విడిగా, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి.